ఎండ్రకాయ కాళ్ళు

వ్యాధుల పేర్లు ఏ భాషలోనైనను ఊరక పుట్టవు. మనం నేడు కాన్సర్ అంటున్న మాట లాటిన్ భాషలో ఎండ్రకాయకు పేరు. అంతకుముందు గ్రీకులు దానిని కార్కినోస్ అన్నారు, అదీ ఎండ్రకాయే. అరబ్బీనుండి ఉర్దూలోనికి వచ్చిన సరతాన్ అనే పదానికి సైతం అదే అర్థం. మన కళాశాలలో ఉర్దూ చదివే విద్యార్థికి సరతాన్ అనగానే రాశిచక్రం గుర్తుకు వస్తుంది, తెలుగు చదివే విద్యార్థికి కర్కాటకం గుర్తుకు వస్తుంది. రెండూ ఒకే జంతువు. సంస్కృత వైద్యులు మాత్రం అర్బుదం అన్నారు. నిఘంటువులలో ఆ మాటకు పదికోట్లు అనే అర్థం కూడ ఉన్నది. వేలి కొనంత గడ్డలో కణాల సంఖ్య కోట్లలోనే ఉంటుందని నేటి శాస్త్రజ్ఞులు చెప్పినప్పుడు, ఆ పాత మాట యాదృచ్ఛికంగానైనా ఎంత సరిగా అమరినదో అనిపిస్తుంది. ఇక మన ఊళ్ళలో పెద్దలకు తెలిసిన మాట రాచపుండు.

ఇన్ని జంతువులుండగా ఎండ్రకాయే ఎందుకు? క్రీస్తు శకం రెండవ శతాబ్దికి చెందిన గ్రీకు వైద్యుడు గాలెన్ దీనికి సమాధానం చెప్పినాడు. గడ్డకు ఇరువైపుల ఉబ్బిన సిరలు ఎండ్రకాయ కాళ్ళవలె వ్యాపించి ఉంటాయని ఆయన పరిశీలన. పదవ, పదకొండవ శతాబ్దులనాటి ఇబ్న్ సీనా తన వైద్యగ్రంథంలో ఈ పోలికనే చెప్పినాడు. అనగా ఈ రోగానికి పేరు గడ్డను మాత్రమే చూచి పెట్టలేదు. గడ్డ చుట్టూ అల్లుకొన్న రక్తనాళాలను చూచి పెట్టినారు. సూక్ష్మదర్శిని లేని కాలంలో, కంటితో చూచి, చేతితో తడిమి చెప్పిన మాట అది.

భాషాచరిత్ర పాఠంలో నేను దీనిని సంవత్సరానికొకసారి చెబుతూ ఉండేవాడిని. విద్యార్థులు నవ్వేవారు, వ్రాసుకొనేవారు. పాఠం అంతటితో ముగిసేది. 2022లో మా మేనమామ వైద్యుల కాగితాలు నా చేతికి వచ్చినప్పుడు, ఆ కాళ్ళ సంగతి పుస్తకాలనుండి మా ఇంటిలోనికి వచ్చింది.

మామూకు మహబూబ్‌నగర్ బజారులో చిన్న దర్జీ దుకాణం ఉన్నది. అప్పటికి ఆయన వయస్సు యాభై ఎనిమిది. మలంతోబాటు రక్తం పడడం అంతకు ఎనిమిది నెలలకు పూర్వమే మొదలైనదట. ఎవరికీ చెప్పలేదు. మన సమాజంలో దగ్గు గురించి, జ్వరం గురించి, చివరకు గుండె నొప్పి గురించి కూడ నలుగురిలో మాట్లాడవచ్చు. ఈ ఒక్క అవయవం గురించి మాట్లాడరాదు. భార్యకు చెప్పడానికి సిగ్గు, కొడుకుకు చెప్పడానికి మర్యాద అడ్డం. చివరకు ఆమె స్నానాల గదిలో చూచి అడిగితే, "బవాసీర్ హై, ఔర్ క్యా" అని తేల్చివేసినారు. బవాసీర్ అంటే మొలలు. ఈ మాటలో ఎంత ధైర్యమున్నదో గమనించండి. మొలలు అందరికీ వచ్చేవే. అవి మనిషిని చంపవు. వాటికి ప్రతి ఊరిలోను బోర్డు కట్టిన వైద్యుడు ఒకడు ఉంటాడు. అటువంటి వాని వద్దకే మామూ వెళ్ళినారు. అతడు పరీక్ష అనేదే చేయకుండ పొడి ఇచ్చినాడు, కారం మానమన్నాడు, నెలకొకసారి డబ్బు తీసుకొన్నాడు. ఆ పేరు ఇక్కడ అనవసరం. అటువంటివారు ఒకరు కాదు.

మొలల రక్తానికీ, పేగులోని గడ్డ రక్తానికీ రంగులో భేదం చూచి చెప్పగలమనుకొనడం పొరపాటని తరువాత డాక్టరు మాకు వివరించినారు. పురీషనాళంలోని గడ్డ కూడ ఎర్రని నెత్తురునే కార్చగలదు. విసర్జన తరువాత కూడ ఇంకా ఏదో మిగిలి ఉన్నట్లు తోచడం, ఏండ్ల తరబడి ఉన్న అలవాటు మారడం, కారణం లేకుండ రక్తం తగ్గిపోవడం — ఇవి అడిగి తెలుసుకోవలసిన గుర్తులు. మామూకు ఈ మూడూ ఉన్నవి. కుట్టుమిషను తొక్కుతూ మధ్యలో ఆగి రొప్పడం చూచి మా అమ్మ, తమ్ముని కంటి రెప్ప క్రిందికి లాగి చూచింది. లోపల తెల్లగా ఉన్నది. ఆ సాయంత్రమే నన్ను పిలిపించింది.

నేను తీసుకొని వెళ్ళిన డాక్టరు యువకుడు. చేసిన మొదటి పరీక్షకు యంత్రమేదీ అక్కరలేకపోయినది. చేతి తొడుగు వేసుకొని వ్రేలితో పరీక్షించినాడు, అంతే. ఆ వ్రేలికి గడ్డ తగిలింది. ఎనిమిది నెలలపాటు పొడి ఇచ్చినవాడు చేయని పని ఒక నిమిషంలో ముగిసినది. తరువాత దుర్భిణి గొట్టంతో పేగు లోపల చూచి, ఒక చిన్న ముక్క తీసి పరీక్షకు పంపినారు. ఫలితం కాన్సర్.

మమ్మల్ని హైదరాబాదుకు వెళ్ళమన్నారు. రెడ్‌హిల్సులోని ఎం.ఎన్.జె. కాన్సర్ ఆసుపత్రి మన జిల్లావారికి కొత్త కాదు. 1955లో రేడియం సంస్థగా వెలసిన ఆ ఆసుపత్రికి మెహ్‌దీ నవాజ్ జంగ్ పేరు పెట్టినారు. హైదరాబాదు రాష్ట్రంలో మంత్రిగా ఉండి, 1960లో గుజరాత్ రాష్ట్రానికి మొదటి గవర్నరైన పెద్దమనిషి ఆయన. వైద్యపు ఖర్చు విషయంలో పాలమూరుకు ఒక చిన్న ప్రాథమ్యం కూడ ఉన్నది: ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న మొట్టమొదట ప్రారంభమైన మూడు జిల్లాలలో మనది ఒకటి, తక్కినవి అనంతపురం, శ్రీకాకుళం. వలస కూలీల జిల్లా అని పేరుబడ్డ చోట ఆ కార్డు విలువ ఏమిటో నేను వేరుగా చెప్పనవసరం లేదు.

అక్కడ చెట్ల క్రింద, వరండాలలో నిరీక్షించిన దినాలలో నేను ఈ రోగం గురించి దొరికినదంతా చదివినాను. నేను వైద్యుడను కాను, తెలుగు ఎం.ఏ. చదివినవాడిని. కాని ఇంటిలో ఇంగ్లీషు కాగితం చదివి చెప్పవలసినవాడిని నేనే.

గడ్డ మొదట చాలా చిన్నది. మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్ల వరకు అది చుట్టుప్రక్కల కణజాలంనుండి ఊరి వచ్చే ప్రాణవాయువుతో, పోషకాలతో బ్రతుకుతుంది. అంతకు మించి పెరగాలంటే దానికి స్వంత రక్తనాళాలు కావాలి. ఈ సంగతిని బోస్టన్ నగరపు శస్త్రవైద్యుడు జూడా ఫోక్‌మన్ 1971లో ప్రకటించినప్పుడు చాలామంది నమ్మలేదు. గడ్డ చుట్టూ నాళాలు ఉండడం రోగానికి ఫలితమే గాని కారణం కాదని వారి వాదం. ఆయన బృందం కుందేలు కంటిలో గడ్డ ముక్కను ఉంచి చూచింది. కంటి ముందు గదిలోని నీటిలో, నాళాలకు దూరంగా తేలుతున్నంతకాలం ఆ ముక్క ఎదగక పడి ఉన్నది. కంటి పొరలోని నాళాల దగ్గరకు చేర్చగానే, ఆ నాళాలు దాని వైపు కొమ్మలు సాచినవి. గడ్డ ఒక్కసారిగా పెరిగింది. గడ్డ తానే ఒక రసాయన సందేశాన్ని పంపి నాళాలను పిలుచుకొంటున్నదన్నమాట. ఆ సందేశ పదార్థాలలో ముఖ్యమైనదానిని 1980ల దశకంలో వేరుచేసి గుర్తించినారు.

మన పిల్లలమర్రిని చూచినవారికి ఇది అర్థం కావడం కష్టం కాదు. కొమ్మ ఎంత దూరం సాగితే అంత దూరంలో ఒక ఊడ క్రిందికి దిగుతుంది. ఊడ నేల పట్టిన తరువాత కొమ్మ ఇంకా సాగుతుంది. ఊడ లేకుంటే కొమ్మ లేదు. అయితే మర్రిలో ఒక క్రమం ఉన్నది. గడ్డ పిలుచుకొన్న నాళాలలో క్రమం లేదు. అవి వంకరలు తిరుగుతాయి, ఒకచోట ఉబ్బి ఒకచోట సన్నగిల్లుతాయి, ఎక్కడికీ చేరక మధ్యలోనే ముగుస్తాయి. గోడలో సందులు ఉంటాయి. ఆ సందులనుండి ద్రవం ఊరుతుంది. సులభంగా చిట్లుతాయి. మామూకు నేను దీనిని చెప్పినప్పుడు ఆయన వెంటనే, "కచ్చా కుట్టు అన్నమాట" అన్నారు. పక్కా కుట్టు పడకముందు గుడ్డ నిలవడానికి దూరదూరంగా వేసే కుట్టు అది, లాగితే ఊడివస్తుంది. నేను చదివిన ఏ వ్యాసంలోను ఇంతకన్న మంచి పోలిక కనబడలేదు. ఎనిమిది నెలలు మొలల పేరుతో కారిన నెత్తురులో కొంత భాగమైనా ఆ కచ్చా కుట్టునుండి కారినదే.

ఇక్కడ మాటల చిక్కు ఒకటి వచ్చింది. డాక్టరు రక్తనాళం అన్నారు, ధమని అన్నారు, సిర అన్నారు. మామూ తల ఊపినారు గాని వారికి ఒక్కటీ తెలియలేదు. మన వ్యవహారంలో నెత్తురు పారేదీ నరమే, నొప్పి తెలిపేదీ నరమే. సూది వేయడానికి నర్సు వెదికేది కూడ నరమే. ఉర్దూలో రగ్ అన్నా, నస్ అన్నా దాదాపు ఇదే చిక్కు. "నరంలోకి పోయిందా, లేదా అని చూస్తారు" అని నేను చెప్పగానే ఆయన ముఖం మారింది. అర్థమైనది.

అసలు ప్రశ్న అదే. పెద్దపేగునుండి వచ్చే రక్తం నేరుగా గుండెకు పోదు. కాలేయ నిర్వాహక సిర అనే పెద్ద కాలువద్వారా ముందు కాలేయానికి పోతుంది. పేగు గ్రహించిన ఆహారసారాన్ని కాలేయం పరిశీలించి పంపడానికి ప్రకృతి చేసిన ఏర్పాటు ఇది. గడ్డ కణం ఒకటి ఆ సిరలో పడితే, అదే త్రోవన కాలేయానికి చేరుతుంది. అందువలననే పెద్దపేగు కాన్సరు అన్నిటికంటె ఎక్కువగా కాలేయంలో రెండవ స్థావరం ఏర్పరచుకొంటుంది. పురీషనాళపు క్రింది భాగంనుండి మాత్రం కొంత రక్తం వేరే సిరలగుండా నేరుగా గుండె వైపు పోతుంది గనుక ఊపిరితిత్తులను కూడ చూడవలసి ఉంటుంది. గడ్డ ఎంత పెద్దదన్న దానికన్న అది ఎంత లోతుకు దిగినది, ఏ కాలువను పట్టుకొన్నది అన్నదే ప్రధానం. లండన్ సెయింట్ మార్క్స్ ఆసుపత్రిలో కత్‌బర్ట్ డ్యూక్స్ అనే వైద్యుడు 1932లో ఈ లోతును బట్టే పురీషనాళపు గడ్డలను మూడు తరగతులుగా విభజించినాడు: పేగు గోడలోనే ఉన్నది, గోడ దాటినది, శోషరస గ్రంథులకు చేరినది. గజ్జలలో బిళ్ళ కట్టింది అంటామే, ఆ బిళ్ళలవంటివే పేగు చుట్టూ కూడ ఉంటాయి. నేటి తరగతుల విభజన మరింత సూక్ష్మమైనది. కాని పునాది అదే.

మామూకు ఐదు వారాలు కిరణచికిత్స, దానితోబాటు మాత్రలు ఇచ్చి, కొంతకాలం ఆగి, ఆపరేషను చేసినారు. మలద్వారం తీసివేయక తప్పలేదు. పొట్టమీద ద్వారం పెట్టి సంచి అమర్చినారు. మరణంకన్న ఆ సంచికే ఆయన ఎక్కువ భయపడినారని చెప్పవలసి ఉన్నది. నమాజు ఎట్లా అన్నది ఆయన మొదటి ప్రశ్న. వీధి మసీదులోని వృద్ధుడొకరు ఇంటికి వచ్చి, అటువంటి స్థితిలో ఉన్నవారు మాజూర్, అనగా మినహాయింపు గలవారు, ప్రతి నమాజు వేళకు కొత్తగా వజూ చేసుకొంటే చాలునని చెప్పిన తరువాతగాని ఆయన సరిగా భోజనం చేయలేదు.

తీసిన పేగుభాగం పరీక్షకు పోయింది. నివేదిక రావడానికి పట్టిన దినాలు మా ఇంటిలో ఎవరూ మరువరు. నేను ఆ నిరీక్షణలోనే తెలుసుకొన్నాను, ఆ పరీక్ష ఎంత ఓపికతో చేసే పనియో. మాంసపు ముక్కను మైనంలో పోతపోసి, కాగితంకన్న ఎన్నో రెట్లు పలుచగా కోసి, రంగు వేసి చూస్తారు. సిర గోడలో సాగే గుణంగల పోగులు ఉంటాయి. వాటిని నల్లగా చూపే ప్రత్యేకమైన రంగు ఒకటి ఉన్నది. గడ్డ తరచు సిర గోడను నాశనం చేసి, సిర ఉన్న గుర్తే మిగల్చదు. అప్పుడు నిపుణుడు ప్రక్కనున్న ధమనిని చూస్తాడు. ధమని, సిర సాధారణంగా జంటగా పోతాయి. ధమని ఒంటరిగా నిలిచి, దాని ప్రక్కన గుండ్రని గడ్డ ముద్ద ఉంటే, ఆ ముద్ద ఉన్నచోట ఒకప్పుడు సిర ఉండెనని ఊహిస్తాడు. పాత శాసనంలో చెరిగిన అక్షరాన్ని ప్రక్క అక్షరాలనుబట్టి పూరించే పండితుని పని వంటిదే ఇది. ఆ గదిలో కూర్చున్న వ్యక్తిని రోగి ఎన్నడూ చూడడు. రోగి భవిష్యత్తును గురించి అందరికంటె ముందు తెలిసేది ఆ వ్యక్తికే.

నివేదిక వచ్చింది. నేను దానిని ఆసుపత్రి మెట్లమీద కూర్చుండి, విద్యార్థి జవాబు పత్రం దిద్దినంత నిదానంగా చదివినాను. గడ్డ గోడను దాటినది. కోసిన అంచులలో రోగం లేదు. పరీక్షించిన పద్నాలుగు గ్రంథులలో రెండింటిలో ఉన్నది. పేగు గోడకు వెలుపలి సిరలో ప్రవేశం: ఉన్నది. గాలెన్ చూచిన కాళ్ళలో ఒకటి ఆ వాక్యంలో ఉన్నది. కాలేయపు చిత్రం మాత్రం శుభ్రంగానే ఉన్నది.

మామూ అడిగినారు. నేను దాచలేదు. "నరంలో కనబడింది; కాలేయంలో కనబడలేదు" అని చెప్పినాను. ఆయన కొంతసేపు ఊరకుండి, "అయితే దారిలో ఉన్నదేమో పట్టుకోవాలి" అన్నారు. తరువాత ఇచ్చిన మందుల ఉద్దేశం సరిగా అదే.

గల్ఫులో ఉన్న మా పినతల్లి కొడుకు ఈ సంగతి విని ఫోను చేసినాడు. గడ్డకు రక్తనాళాలు రాకుండ చేసే మందు ఉన్నదట, ఖర్చు తాను భరిస్తానన్నాడు. ఉన్న మాట నిజమే. ఫోక్‌మన్ ఊహ ఫలించి బెవాసిజుమాబ్ అనే మందు తయారైనది; వ్యాపించిన పెద్దపేగు కాన్సరుకు 2004లో అమెరికాలో దానికి అనుమతి లభించినది. ఆనాటి ప్రయోగంలో రోగుల సగటు జీవితకాలం ఇంచుమించు 15 నెలలనుండి 20 నెలలకు పెరిగినది. అయిదు నెలలు తక్కువేమీ కాదు. కాని ముప్పది సంవత్సరాల ఆశకు అది అల్పమే. ఆపరేషనుతో గడ్డ తీసివేసిన వారికి, మళ్ళీ రాకుండ ఉండడానికి ఆ మందును ఇచ్చి చూచినప్పుడు ప్రయోజనం కనబడలేదు. మామూ ఆ రెండవ వర్గంలోనివారు. డాక్టరు వద్దన్నారు. గల్ఫునుండి వచ్చే డబ్బు గల్ఫులోనే ఉండిపోయినది. మందు ఖరీదైనదైతే మంచిదే అయి ఉంటుందని నమ్మే మన బంధువులకు దీనిని వివరించడం నాకు పాఠం చెప్పడంకన్న కష్టమైనది.

ఇచ్చిన మందులలో ఒకదాని చీటీ చూచి నేను ఆగిపోయినాను. ల్యూకోవొరిన్. అది ఫోలిక్ ఆమ్లపు రూపాంతరం. కణం తన వారసత్వ పదార్థాన్ని తయారుచేసుకొనకుండ అడ్డుపడే ఫ్లోరోయురాసిల్ అనే పాత మందు, 1957నాటిది, దీని తోడు ఉంటే గట్టిగా పట్టుకొంటుంది. ఫోలిక్ ఆమ్లాన్ని 1940లలో అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకుడు భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే పేగు వ్యాధితోనే పోయినారు. ఫోలిక్ ఆమ్లం ఆ వ్యాధికి మందైనది. 1948లో ఆయన న్యూయార్కులో మరణించినారు. ఒక తెలుగు ఇంటి పేగుల దుఃఖంతో ముడిపడిన ఆ పదార్థం ఏడు దశాబ్దాలు దాటిన తరువాత పాలమూరు దర్జీ చేతి నరంలో బొట్లు బొట్లుగా పడుతున్నది. వార్డులో చెబితే ప్రక్క మంచాలవారు కూడ విన్నారు. మామూకు మాత్రం పిల్లలమర్రి జ్ఞాపకం వచ్చింది. 2018లో చెదలు పట్టిన ఆ మహావృక్షానికి మందును సెలైన్ సీసాలలో పోసి కొమ్మలకు ఎక్కించినారు. పత్రికలలో బొమ్మలు పడ్డవి. "ఆ చెట్టుకు ఏడువందల ఏండ్లు. దానికే సీసాలు కట్టినారు, నేనెంత" అన్నారు.

రెండు వారాలకొకసారి ఆ మందు పడినది. వ్రేళ్ళు తిమ్మిరెక్కి సూదిలో దారం ఎక్కించడం కొన్ని నెలలు చేతకాలేదు. మా అత్త ఎక్కించి ఇచ్చేది. ఆ తరువాత ఆరు నెలలకొకసారి కాలేయపు చిత్రం, రక్తపరీక్ష. ఇప్పటివరకు కాలేయంలో ఏమీ లేదు. ఆ చిత్రం తీయించుకొనే ముందురోజు మామూ దుకాణం తెరువరు.

ఈ సంవత్సరం రంజాన్‌కు ముందు, కుట్టుపని ముమ్మరంగా ఉన్న కాలంలో, మా ప్రక్క వీధి వ్యక్తి ఒకడు పైజామా గుడ్డ తీసుకొని దుకాణానికి వచ్చినాడు. కొలతలు ఇవ్వకుండ, తక్కినవారు పోయేంతవరకు కూర్చున్నాడు. తరువాత గొంతు తగ్గించి ఏదో అన్నాడు. మామూ చేతిలోని టేపు క్రింద పెట్టి, "ఎన్ని దినాలనుండి?" అని అడిగినారు. మరునాడు అతనిని నా వెంట ఆ యువ డాక్టరు దగ్గరకు పంపినారు. వ్రేలి పరీక్ష అయింది, గొట్టం పరీక్ష కూడ అయింది. అతనికి నిజంగా మొలలే. ఆ మాట వినగానే మామూ అతని నడుము కొలత తీసుకొన్నారు. చిన్న ఆపరేషను చెప్పినారని తెలిసి, కూర్చుండడానికి వీలుగా రెండంగుళాలు వదులు కలిపి చాకు గీత గీసినారు.